రిపోర్టులో లేని ఒక్క మాట

గోదావరిఖనిలో రక్తం తీసేవాడు మొదట నేర్చుకోవాల్సింది దూది సంగతి. బాయి పని, అంటే బొగ్గు గనిలో పని చేసే మనిషి వేలిని ఒక్కసారి తుడిస్తే సరిపోదు. మొదటి దూది నల్లగా వస్తుంది, రెండోది బూడిద రంగులో వస్తుంది. మూడోది తెల్లగా వచ్చినప్పుడే సూది గుచ్చాలి. మా డిప్లొమా పుస్తకాల్లో ఇది లేదు. నాకంటే ముందు పనిచేసినాయన చూపించాడు, నా తర్వాత వచ్చినవాళ్లకు నేను చూపించాను.

ముప్పై మూడేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. దవాఖాన పేరు రాయను. ఇందులో తప్పు దవాఖానది కాదు, నాది. ఏ ఏడు ఏ గ్రేడు వచ్చిందో, ఎన్ని మెమోలకు జవాబులు రాశానో మీకు అక్కర్లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగింది ఒక మనిషి గురించి. ఆయన పేరు రాజేశం. నేను రాజేశమన్న అనేవాణ్ని.

ముఖాలు తెలిసిన రక్తం

పట్నంలో ల్యాబులో పనిచేసేవాళ్లకు ట్యూబు మీద ఉండేది ఒక నంబరు. మాకు అలా కుదరదు. ట్యూబు మీద పేరు చూడగానే ఆ మనిషి ఏ బాయిలో పని చేస్తాడో, ఏ షిఫ్టుకు పోతాడో, ఏ కాలనీలో ఉంటాడో తెలిసిపోతుంది. పొద్దున రక్తం ఇచ్చినవాడు సాయంత్రం కూరగాయల దగ్గర ఎదురవుతాడు. "సామేలన్నా, ఏమొచ్చింది?" అని సంచి పట్టుకునే అడుగుతాడు. డాక్టరుగారినే అడగమని మనం చెప్పాలి. కానీ అడిగేవాడి కళ్లలోకి చూస్తూ ఆ మాట చెప్పడం కష్టం.

మా పాథాలజిస్టు వసుంధర మేడం. తిట్టడం తక్కువ, చూడటం ఎక్కువ. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక అవ్వకు చక్కెర పరీక్ష బాగా వస్తే, "షుగర్ పోయిందవ్వా" అని నవ్వుతూ చెప్పాను. మేడం నన్ను లోపలికి పిలిచారు.

"షుగర్ పోయిందా?"

"తక్కువొచ్చింది మేడం."

"ఇవాళ పొద్దున తీసిన చుక్కలో తక్కువ వచ్చింది. మనకు తెలిసింది అంతవరకే. ఆవిడ ఇంటికెళ్లి మందులు అవతల పడేస్తే ఎవరిది బాధ్యత? మనం చెప్పేది నమూనా గురించి సామేలూ, మనిషి గురించి కాదు."

నేను తల ఊపాను. అప్పుడు ఊపిన తల పాతికేళ్ల తర్వాత కూడా అలాగే ఊగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

రాజేశమన్న స్లైడు

రాజేశమన్న హాలేజీ ఇంజను నడిపేవాడు. బాయి లోపల నిండిన బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి గుంజే ఇంజను అది. కింద ఉన్నవాళ్లు తీగ గుంజితే పైన గంట మోగుతుంది. ఇన్ని గంటలైతే గుంజాలి, ఇన్నైతే ఆపాలి అని లెక్క ఉంటుంది. ఆ గంట వినడంలో పొరపాటు చేస్తే కింద మనిషి ప్రాణం పోతుంది. ఆయన చేతి కింద ఏనాడూ ఎవరికీ గీత పడలేదని తోటివాళ్లు చెప్పేవారు. ఆయనది మా వెనక లైనులోనే క్వార్టరు. భార్య సరోజన, ఒక్కతే కూతురు శ్రావణి. అప్పటికి ఆ పిల్ల హైస్కూలు.

నలభై దాటిన ఏడాది ఆయన దవాఖానకు వచ్చాడు. ఎడమ పక్క కడుపులో బరువు, రెండు మెట్లెక్కితే ఆయాసం, చలికాలంలో కూడా చెమటలు. గ్యాసు అనుకొని నెలల తరబడి గ్యాసు గోళీలు మింగాడట.

రక్తం తీసి ట్యూబును స్టాండులో పెట్టి వేరే పని చూసుకుంటున్నాను. మామూలుగా కాసేపు నిలబెడితే ఎర్రది కిందికి దిగుతుంది, దాని మీద తెల్లకణాలు సన్నటి గీతలా తేలతాయి. తిరిగి చూసేసరికి ఆయన ట్యూబులో ఆ గీత మీగడలా మందంగా కట్టి ఉంది. స్లైడు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రకణాల మధ్య ఎక్కడో ఒకటి కనిపించాల్సిన తెల్లకణాలు, వానాకాలం దీపం దగ్గర పురుగుల్లా స్లైడంతా ఉన్నాయి. ముదురువీ లేతవీ, ఎముకల మూలుగలో ఉండాల్సినవి కూడా రక్తంలోకి వచ్చేశాయి.

మేడం చాలాసేపు చూశారు. కళ్లు తీయకుండానే అడిగారు. "తెలిసినవాడా?"

"మా వెనక లైను మేడం."

నేను ఇలాంటి స్లైడు అంతకుముందు ఒక్కటే చూశాను, ఉద్యోగంలో చేరిన రెండో ఏట. ఆయన టబ్బులు నింపే కార్మికుడు. అప్పట్లో ఆ రకం రక్తం క్యాన్సరుకు కణాల సంఖ్యను తగ్గించే మందు ఉండేది కానీ, అవి ఎందుకు పుడుతున్నాయో ఆ కారణం దాకా పోయే మందు మా దాకా రాలేదు. ప్రతినెలా వచ్చేవాడు, ప్రతినెలా లెక్కబెట్టేవాణ్ని. మూడున్నరేళ్లకు ఆయన కార్డును తీసి పక్కన పెట్టాను. రాజేశమన్న స్లైడు చూస్తుంటే నాకు ఆ కార్డే గుర్తొచ్చింది.

హైదరాబాద్ పంపారు. మూలుగ తీసి పరీక్ష చేసి, జబ్బు అదేనని రాసిచ్చారు. కానీ ఈసారి చీటీలో కింద ఒక గోళీ పేరు ఉంది. రోజుకొకటి. మేడం ఆ పేరు మీద వేలు పెట్టి, "ఇది వచ్చాక ఈ జబ్బు కథే మారిపోయింది సామేలూ" అన్నారు. ఆమె గొంతులో సంతోషం వినడం నాకు అరుదు.

నేను చెప్పిన పోలిక

రెండు రోజుల తర్వాత రాజేశమన్న, సరోజన వదినె ల్యాబు ముందు బెంచీ మీద కూర్చున్నారు.

"సామేలూ, మేడం మంచిగనే చెప్పింది గని నాకు సగం సమజైంది. మన మాటల చెప్పు. నా రక్తంల ఏమైంది?"

నేను పక్కన కూర్చుని చెప్పాను. ఒంట్లో కణం తనంతట తాను ఏదీ చేయదు. బయట నుంచి కబురు రావాలి. ఆ కబురును కణం గోడ మీద ఒకటి అందుకుంటుంది. అది లోపల ఇంకోదానికి చెబుతుంది, అది మరోదానికి. చివరికి నడిమధ్యకు చేరి, ఇప్పుడు రెండుగా చీలు అనో, ఇక చాలు ఆగు అనో పని జరుగుతుంది. పని అయ్యాక కబురు ఆగిపోవాలి. నీ మూలుగలో ఒక కణంలో రెండు క్రోమోజోములు తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కుంది. ఆ అతుకు దగ్గర కొత్తది ఒకటి పుట్టింది. ఎవరూ కబురు పంపకపోయినా అది "చీలు, చీలు" అని ఆర్డరు ఇస్తూనే ఉంటుంది.

ఆయన ముఖం వెలిగింది.

"అంటె గంట ఇరుక్కపోయింది! కింద ఎవ్వడు గుంజలే, తీగ ఎక్కడ్నో పట్టింది. పైన మోగుతనే ఉంటది. ఇంజనోడు ఏం జేస్తడు? గుంజుతనే ఉంటడు."

"అదే అన్నా. అచ్చం అదే."

"మరి గోళీ ఏం జేస్తది?"

"ఆ గంట మోగకుండ గట్టిగ పట్టుకుంటది."

సరోజన వదినె మొదటిసారి నవ్వింది. "ఈయనకు ఇంజను సంగతి జెప్తెనే తెల్వి వస్తది" అన్నది.

నాకు గర్వంగా అనిపించింది. మేడం ఇంగ్లీషులో చెప్పలేనిది నేను మన మాటలో చెప్పాననుకున్నాను. అందులో ఒక లోటుందని నాకు తెలుసు. బాయిలో గంట ఇరుక్కుంటే ఫిట్టరు వచ్చి తీగ సరిచేస్తాడు, పని అయిపోతుంది, చెయ్యి తీసేయవచ్చు. ఒంట్లో ఆ గంటను ఎవరూ బాగు చేయరు. గోళీ పట్టుకుని ఉంటుంది, అంతే. పైగా మూలుగ అడుగున కొన్ని కణాలు నిద్రపోతున్నట్టు ఉంటాయి, వాటిని ఈ గోళీ చంపలేదు. వదిలిపెడితే అవి మళ్లీ లేస్తాయి. ఇదంతా చెప్పి ఉండాల్సింది. వాళ్లిద్దరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.

పోలిక చెబితే రోగికి ధైర్యం వస్తుంది. చెప్పండి. కానీ అది ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ తెగుతుందో అదే కూర్చుని ఉన్నప్పుడు చెప్పండి. రేపు చెబుదామంటే రేపటికి ఆ మనిషి పోలికను తీసుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు.

సాఫ్

గోళీ పనిచేసింది. మూడు నెలలకే కౌంటు మామూలైంది, కడుపులో బరువు పోయింది. పదిహేను రోజులకోసారి స్లైడు చూస్తుంటే, అడవిలా ఉన్నది దున్నిన చెలకలా అవుతున్నట్టు ఉండేది. నా మొత్తం ఉద్యోగంలో అంత సంతోషంగా చూసిన స్లైడులు లేవు.

సుఖం మాత్రం పూర్తిగా లేదు. పొద్దున లేస్తే కళ్ల చుట్టూ ఉబ్బు. పిక్కలు పట్టేసేవి, అన్నం చూస్తే వికారం. ఆయనకు అన్నిటికంటే పెద్ద బాధ వేరు. ఇంజను మీద నుంచి తీసి పైన లాంపు రూములో వేశారు. షిఫ్టుకు పోయేవాళ్లకు తలలాంపులు అందించి, వచ్చేటప్పుడు తీసుకోవడం. "మంది పాణాలు చేతుల పట్టుకొని కూసున్నోన్ని, ఇప్పుడు లాంపులిచ్చుకుంట కూసుంటున్న" అనేవాడు. మెడికల్ బోర్డుకు పోయి పనికిరాడని రాయించుకుంటే ఉద్యోగం కూతురికి వస్తుందని తోటివాళ్లు సలహా ఇచ్చేవారు. ఆయనకు ఆ మాటంటే మంట. "నాకేం రోగమచ్చింది? రోజుకో గోళీ మింగుతున్న, గంతే" అని కోప్పడేవాడు.

అలా నాలుగేళ్లు గడిచాయి. మూడు నెలలకోసారి రక్తం హైదరాబాద్ పంపేవాళ్లం. లక్ష మంచి కణాల్లో ఒక చెడ్డ కణం దాగినా పట్టుకునే సూక్ష్మమైన పరీక్ష అది. ఒకసారి రిపోర్టు వచ్చిన రోజు మేడం సెలవులో ఉన్నారు. కవరు నేనే విప్పాను. ఈ నమూనాలో, ఈ పరీక్ష పట్టుకోగలిగినంత మేరకు, ఆ జబ్బు జాడ కనిపించలేదని రాసి ఉంది. మందు ఆపకుండా కొనసాగించాలని, మూడు నెలలకు మళ్లీ పంపాలని దాని కిందే ఉంది.

రాజేశమన్న కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏమన్నది సామేలు?"

"ఏం లేదన్నా. సాఫ్."

"సాఫేనా? మొత్తం?"

"మొత్తం సాఫ్."

ఆయన కిటికీ లోంచి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇన్నేండ్లల్ల ఎవ్వలు నాకు గీ మాట చెప్పలే తమ్మీ" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. రిపోర్టులో ఉన్న నాలుగు పంక్తులు మింగేసి, అందులో లేని ఒక్క మాట ఇచ్చాను. దీవెన ఇచ్చినట్టు ఇచ్చాను.

ఆ తర్వాతి నెలలోనే ఆయనకు కాసిపేట వైపు బాయికి బదిలీ అయింది. అక్క ఇల్లు బెల్లంపల్లిలో ఉంది, అక్కడే ఉండి డ్యూటీకి పోతానన్నాడు. "గోళీలు, టెస్టులు ఆడ్నే చేయించుకుంట, నువ్వేం ఫికర్ జెయ్యకు" అన్నాడు. నెలకోసారి ఇంటికి వచ్చేవాడు. ఎదురైతే చెయ్యి ఊపేవాడు. కళ్ల కింద ఉబ్బు తగ్గింది, ముఖం నిగనిగలాడుతోంది. బాగున్నాడనుకున్నాను. ఉబ్బు ఎందుకు తగ్గిందని నాకు తట్టలేదు. కణాలు లెక్కబెట్టే మనిషిని, ఆ ఒక్కటీ లెక్కబెట్టలేదు.

ట్రంకుపెట్టె

ఏడాదిన్నర దాటాక, ఎండాకాలంలో, ఆయన్ను జీపులో తీసుకొచ్చారు. చిగుళ్ల నుంచి రక్తం, వారం నుంచి జ్వరం. చేతుల మీద దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు. స్లైడు నేనే వేశాను. ముందు చూసిన గుంపు కాదది. అన్నీ ఒకే తీరు, పెద్ద పెద్ద లేత కణాలు. జబ్బు ముదిరి వేరే రూపం ఎత్తింది. స్లైడు మేడం టేబుల్ మీద పెట్టి వార్డుకు వెళ్లాను.

రాజేశమన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన ఎవరూ లేరు. వదినె మందుల కిటికీ దగ్గర ఉంది.

"అన్నా, గోళీ వేసుకుంటున్నవా?"

ఆయన దాచలేదు. "ఆపిన. పోయినేడే."

"ఎందుకన్నా?"

"నువ్వు సాఫ్ అన్నవ్ గదా సామేలు. పిక్కలు పట్టేస్తున్నయి, తిండి పోతలేదు. గంట బాగైనంక గూడ చెయ్యి పట్టుకొని ఎందుకు కూసోవాలె అనుకున్న. ఫోన్ల ఒక డాక్టరు గూడ చెప్పిండు, కొందరు ఆపొచ్చని. మల్ల ఇంజను మీదికి పోవాలని ఆశుండె." నా ముఖం చూసి, "నువ్వేం మనసుల పెట్టుకోకు" అన్నాడు.

ఆ మాట అనే బదులు ఆయన నన్ను కొట్టినా బాగుండేది.

రెండో రోజు సరోజన వదినె ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చి ఒక ప్లాస్టిక్ కవరు నా ముందు పెట్టింది. బెల్లంపల్లి నుంచి తెచ్చిన ఆయన ట్రంకుపెట్టెలో దొరికాయట. అన్నీ విప్పని గోళీల పట్టీలు.

"ఇవేంది సామేలు? గిట్ల నిండుగ ఉన్నయేంది? ఎందుకు మింగలే ఈయన?"

నాకు జవాబు తెలుసు. నిన్న విన్నాను. వెనక నలుగురు మనుషులు రక్తం ఇవ్వడానికి నిలబడి ఉన్నారు.

"మర్చిపోయి ఉంటడు వదినె" అన్నాను.

"ఏడాదిన్నర మర్చిపోతడా?"

నేను తర్వాతి ట్యూబు అందుకున్నాను. ఆమె కవరు ముడి వేసుకుని వెళ్లిపోయింది.

మందు ఆపినవాళ్లలో జబ్బు తిరిగొచ్చినా, మళ్లీ మొదలుపెడితే చాలామందికి అదుపులోకి వస్తుంది. రాజేశమన్నకు రాలేదు. నెలల తరబడి ఎవరూ చూడలేదు, ఆ లోపల అది మారిపోయింది. హైదరాబాద్‌లో గోళీ మార్చారు, ఇంకా బలమైన మందులు ఎక్కించారు. నాలుగో నెలలో అంబులెన్సు ఆయన శవాన్ని గోదావరిఖనికి తీసుకొచ్చింది. శ్రావణి అప్పుడే డిగ్రీ పూర్తి చేసింది.

వారం తర్వాత మేడం గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. కిటికీ దగ్గర అన్న మాట, పోలిక, వార్డులో విన్నది, వదినెతో ఆడిన అబద్ధం. ఆమె అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు.

"వాళ్లకు చెప్పావా?"

"లేదు మేడం."

"మరి నాకు చెప్పి ఏం లాభం?"

ఆ మాటకు బయటికి వచ్చి నేరుగా వెనక లైనుకు వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. ఇప్పుడే కదా పోయాడు అనుకున్నాను. తర్వాత తండ్రి పోయినందుకు పిల్లకు వచ్చే ఉద్యోగం కాగితాలు నడుస్తున్నాయి, ఇప్పుడు కాదు అనుకున్నాను. ఆ తర్వాత ఇన్నాళ్లకు లేపడమెందుకు అనుకున్నాను. ఇవన్నీ సాకులే. నాకు భయం. మా వాడలో నన్ను అందరూ నమ్మేవారు, ఆ నమ్మకం పోతుందని భయం.

ఈలోగా ఊళ్లో ఒక కథ పుట్టింది. కూతురికి నౌకరీ రావాలని రాజేశం కావాలనే గోళీలు ఆపాడట. టీ హోటల్లో నా పక్కనే ఒకాయన, "తండ్రంటే గట్ల ఉండాలె" అన్నాడు. కాదని చెప్పడానికి ఆ హోటల్లో నేనొక్కణ్నే ఉన్నాను. టీ తాగి లేచాను. ఆ కథ నాకు నీడలా పనికొచ్చింది. దాని కింద ఇంకెవరు నిలబడి ఉన్నారో నేను చూడలేదు.

ఇప్పుడు మీ చేతికి వస్తున్నది

రిటైరయ్యాక పొద్దుపోక ఫోనులో ఈ చదువే చదువుతున్నాను. కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి, ఆ మాట ఎక్కడ చెడితే ఏ జబ్బు వస్తుంది అని ప్రపంచమంతా వెతుకుతున్నారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు జబ్బుకు ఒంట్లో ఒక చోటు ఉండేది. ఊపిరితిత్తుల జబ్బు, రక్తం జబ్బు అనేవాళ్లం. ఇప్పుడు ఏ కబురు ఆగకుండా పోతోంది, ఏది అందడం లేదు అని అడుగుతున్నారు. పొగ తాగని ఆడమనిషి ఊపిరితిత్తిలో గడ్డ వస్తే, అందులో ఏ కబురు చెడిందో చూసి దానికి సరిపడే గోళీ ఇస్తున్నారు. అది కొంతకాలం పనిచేసి, గడ్డ ఇంకో దారి వెతుక్కుంటే, మళ్లీ ఆ దారిని వెతుకుతున్నారు.

రాజేశమన్న ఫోనులో విన్నది కూడా అబద్ధం కాదు. చాలా ఏళ్లు గోళీ వాడి, జాడ లేకుండా చాలా కాలం నిలకడగా ఉన్న కొందరు, డాక్టరు కనుసన్నల్లో, పరీక్షలు తప్పకుండా చేయించుకుంటూ మందు ఆపి చూస్తున్నారు. వాళ్లలో కొందరికి జబ్బు తిరిగి రావడం లేదు, కొందరికి వస్తోంది. వచ్చిన వెంటనే పట్టుకుని మళ్లీ గోళీ ఇస్తున్నారు. ఆయనకు దొరికింది ఈ మాటలో మొదటి సగం. రెండో సగం చెప్పాల్సిన మనిషిని నేను.

మన బాయి మనుషుల ఊపిరితిత్తుల గురించి కూడా చదివాను. లోపలికి పోయిన దుమ్మును కొన్ని కణాలు మింగుతాయి. అరిగించుకోలేక, ఆపద వచ్చిందని పక్క కణాలకు కబురు పెడుతూనే ఉంటాయి. ఆ కబురు విని మచ్చ కట్టే కణాలు మచ్చ మీద మచ్చ కడుతూ పోతాయి. అందుకే పని మానేసినా కొందరికి ఆయాసం పెరుగుతూనే ఉంటుంది. ఆ కబుర్లను మందగించే మందులు కొన్ని రకాల మచ్చ జబ్బులకు వాడుతున్నారు. కట్టిన మచ్చను వెనక్కి తీసే మందు నాకు తెలిసినంతలో ఇంకా లేదు. రేపు మీరు కిటికీ దగ్గర ఉన్నప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, "కొత్త మందొచ్చిందట గదా" అని. వచ్చినంత వరకే చెప్పండి. తెలియనిది తెలియదనండి. తెలియదన్న మాటకు మనిషి నొచ్చుకుంటాడేమో కానీ, చావడు.

శ్రావణి ఇంట్లో

పోయినేడు నేను రిటైరయ్యే ముందు సరోజన వదినె గుండె జబ్బుతో చనిపోయింది. మట్టి చేసే రోజు వెళ్లాను. అక్కడ కూడా నోరు విప్పలేదు. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం చర్చి ప్రార్థనలో, పాపాల ఒప్పుకోలు చెప్పుకునే చోట నా పెదాలు కదల్లేదు. గుడి నుంచి ఇంటికి పోలేదు, శ్రావణి క్వార్టరుకు పోయాను. ఆ పిల్ల తండ్రి ఉద్యోగంలో చేరి స్టోర్సులో పనిచేస్తోంది.

తలుపు తీసింది. "రా కాక, కూసో. చాయ్ పెడ్త."

"చాయ్ వద్దు బిడ్డా. ఒక మాట చెప్పి పోత."

చెప్పాను. ఒక్కటి కూడా వదలకుండా చెప్పాను. కిటికీ దగ్గర "మొత్తం సాఫ్" అన్నది. రిపోర్టులో కింద రాసి ఉన్నది. వార్డులో వాళ్ల బాపు అన్నది. కవరు తెచ్చిన వాళ్లమ్మతో నేను చెప్పిన అబద్ధం. తను నిలబడే వింది. నేను ఆగాక అడిగింది.

"అంటె బాపు నా నౌకరి కోసం ఆపలేదా?"

"లేదు బిడ్డా. ఆయనకు బతకాలనుండె. ఇంజను మీదికి పోవాలనుండె. బాగైందనుకొని ఆపిండు. నా మాట నమ్మి ఆపిండు."

తను గోడకు జారి కింద కూర్చుంది.

"ఐదేండ్ల సంది రోజు డ్యూటీకి పోవుకుంట, బాపు పాణం తిని బతుకుతున్న అనుకున్న కాక" అన్నది. తర్వాత గొంతు మారింది. "నేనంటే నేను. అమ్మ సంగతి నీకు తెల్సా?"

తెలియదన్నాను.

"బాపు బదిలీ మీద పోకముందు ఒకరోజు అన్నం కాడ అమ్మ అన్నది, గోళీలు మింగుకుంట ఇంకెన్నేండ్లు చేస్తవ్, బోర్డుకు పోరాదు, పిల్లకన్న నౌకరొస్తది అని. గొడవ పెట్టుకొని అనలే, ఆయన పిక్కలు వత్తుకుంటనే అన్నది. బాపు పళ్లెం జరిపి లేచిండు. ఆ కవరు దొరికిన కాడ్నుంచి అమ్మకు అదే మాట. నా నోరే మింగింది ఆయన్ని అని. నాకు నౌకరొచ్చిన్నాడు పొయ్యి ముట్టియ్యలే. నేను తెచ్చిన చీర ఒక్కటి గట్టలే. దవాఖానల పాణం పోయేటప్పుడు గూడ, నేను గా మాట అనకుంటే ఆయన ఉండునా బిడ్డా అని అడిగింది. నేనేం జెప్పాలె? నాకేం ఎరుక? నాకు గూడ అదే అనిపించె."

ఆ రోజు వదినె ల్యాబు కిటికీ దగ్గర నిలబడి "ఎందుకు మింగలే ఈయన?" అని అడిగింది నన్ను నిలదీయడానికి అనుకున్నాను. ఆమె అడిగింది, కారణం తను కాదని ఎవరైనా చెబుతారేమో అని. నా దగ్గర ఆ జవాబు ఉంది. వెనక నలుగురు ఉన్నారని నేను ట్యూబు అందుకున్నాను.

"గీ మాట అప్పుడే చెప్పుంటే అమ్మ నిన్ను తిట్టునేమో కాక. ఏడ్సునేమో. గని సల్లగ పోతుండె."

"అవును బిడ్డా."

"అవునంటే అయితదా?"

తను లేచింది. వెళ్లిపొమ్మంటుందని నేనూ లేచాను. తను లోపలి అర్ర తలుపు తీసింది. గోడకు రెండు ఫోటోలున్నాయి. రాజేశమన్నది పాతది, బాయి గుర్తింపు కార్డుకు తీసింది. పక్కన సరోజన వదినెది. దండలో పూలు పొద్దున వేసినవి.

"నాకు చెప్పినవ్ గదా. అమ్మకు గూడ చెప్పు. మనసుల గాదు. పైకి చెప్పు."

మా గుళ్లో చనిపోయినవాళ్లతో మాట్లాడకూడదని నేర్పారు. నేను చెప్పులు విడిచి అర్రలోకి వెళ్లాను. శ్రావణి నా వెనక గడప మీద నిలబడింది. వదినె ఫోటో ముందు నిలబడ్డాను.

"వదినె" అన్నాను. "రాజేశమన్న నీ మాటకు గోళీలు ఆపలే. నా మాటకు ఆపిండు."

"వినపడలే" అన్నది వెనక నుంచి శ్రావణి. "ఇంకొద్దిగ గట్టిగ చెప్పు కాక."

మళ్లీ చెప్పాను.